మద్రాసుకు ఒక్కరోజు టూరు: అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో ట్రావెల్స్ నడిపేవాళ్లకు కొండ తర్వాత ఎక్కువగా తగిలే బేరం మద్రాసు. ఆసుపత్రికో, ఎయిర్‌పోర్టుకో, పెళ్లి బట్టలకో వెళ్లేవాళ్లకు మేం చెప్పాల్సింది పెద్దగా ఉండదు. చిక్కంతా ఊరు చూద్దామని మొదటిసారి బయల్దేరేవాళ్లతోనే. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయాలంటారు. చేతిలో పది పన్నెండు పేర్ల చీటీ ఉంటుంది. ఆ చీటీలో సగం కొట్టేయించడం నా పని. ఏవి కొట్టేయాలో చాలావరకు గడియారమే చెబుతుంది.

అపోహ: మూడు గంటల ప్రయాణమేగా, పగలంతా మన చేతిలో ఉంటుంది.

పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా వెళ్లినా, నాగలాపురం, ఊత్తుకోట మీదుగా వెళ్లినా ఇంచుమించు 140 కిలోమీటర్లు. మూడు గంటలన్నది సిటీ అంచు దాకా పట్టే టైము. ఆఫీసుల వేళకు లోపలికి దూరితే మైలాపూరు చేరేసరికి ఇంకో గంట పోతుంది. ఐదింటికి ఇల్లు వదిలితే తొమ్మిదికి గుడి ముందుంటారు.

పన్నెండు దాకా ఫరవాలేదు. ఇబ్బంది ఆ తర్వాతే. మైలాపూరు కపాలీశ్వరుడి గుడి గానీ, ట్రిప్లికేన్ పార్థసారథి గుడి గానీ మధ్యాహ్నం మూస్తే మళ్లీ తెరిచేది నాలుగింటికి. తిరుమలలో గుడి దాదాపు రోజంతా తెరిచే ఉంటుంది కాబట్టి మనవాళ్లకు ఈ సంగతి తట్టనే తట్టదు. మూసిన తలుపుల ముందు నిలబడి నాకు ఫోన్ చేస్తారు: "అన్నా, లోపల ఎవరికైనా చెప్పించకూడదా?" నేనెవరికి చెప్పించను!

అందుకే మొదటి రోజు టూరుకు నేను వేసే వరస ఇది. పొద్దున రెండు గుళ్లు, మిట్టమధ్యాహ్నం ఎగ్మూరు మ్యూజియం, సాయంత్రం మెరీనా బీచ్ లేదా బట్టల కొట్లుండే టీ నగర్. రెండూ అని పట్టుబడితే రెండో దాంట్లో పావుగంట కూడా నిలబడలేరు.

గుళ్లలో పార్థసారథిని ముందు పెడతాను. మూలవిరాట్టు వేంకటకృష్ణుడికి మీసాలుంటాయి, పిల్లలు కూడా ఆగి చూస్తారు. తిరుపతి వాళ్లకు ఇంకో చుట్టరికం ఉంది. సుమతి అనే రాజు పార్థసారథిగా స్వామిని చూడాలని కోరితే, తిరుమల శ్రీనివాసుడే ఆయన్ను ఇక్కడికి పంపాడని స్థలపురాణం. అక్కడి నుంచి మైలాపూరు వెళ్లేటప్పుడు రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు స్మారకం దగ్గర పది నిమిషాలు బండి ఆపిస్తాను. 1952 అక్టోబరు 19న దీక్షకు కూర్చుని, డిసెంబరు 15న ఆయన కన్నుమూసింది అక్కడే. దీన్ని అడిగి చీటీలో రాసుకొచ్చినవాళ్లు నాకింకా తగల్లేదు. చూశాక మాత్రం మాటలు తగ్గుతాయి.

అపోహ: మ్యూజియమంటే బోరు. మధ్యాహ్నం ఏసీలో మాల్ తిరిగితే సరి.

మాల్ చూడ్డానికి 140 కిలోమీటర్లు ఎందుకు పోవడం? ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం 1851 నాటిది. మన అమరావతి స్తూపం మీది పాలరాతి లాంటి సున్నపురాయి పలకలు ఇక్కడున్నాయి, మరికొన్ని లండన్‌లో ఉన్నాయి. అంతా తిరగొద్దు. అమరావతి శిల్పాలు, కంచు విగ్రహాలు, ఈ రెండూ చూసి బయటికి రండి. కంచు విగ్రహాల్లో తిరువాలంగాడు నటరాజును వదలొద్దు. రైల్లో వెళ్తే అరక్కోణం దాటాక తిరువాలంగాడు స్టేషన్ మీదుగానే పోతారు, పక్కనున్న తిరుత్తణి ప్రాంతం 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోదే. మన పొరుగూరి చోళుల పనితనం అది. పైకెత్తిన కాలు ఒక్కటే ఐదు నిమిషాలు చూడొచ్చు.

శుక్రవారం మాత్రం మ్యూజియానికి సెలవు. సెయింట్ జార్జి కోటలోని మ్యూజియానికీ అంతే. వండలూరు జూకు, గిండీ పాముల పార్కుకు మంగళవారం. కారు మాట్లాడుకునే ముందు క్యాలెండర్ చూడండి.

అపోహ: మెరీనాలో సూర్యాస్తమయం చూసి, సముద్రస్నానం చేసి వచ్చేద్దాం.

సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, మునిగేది బిల్డింగుల వెనక. ఇది చెబితే కొందరి మొహం వాడిపోతుంది. సూర్యోదయం కావాలంటే తిరుపతిలో అర్ధరాత్రి దాటగానే బయల్దేరాలి, అది ఒక్కరోజు టూరుకు పనికిరాదు. సాయంత్రం ఐదింటికి వెళ్లండి. ఎండ తగ్గుతుంది, గాలి మొదలవుతుంది, సుండల్ (గుగ్గిళ్ల) బండ్లు, బజ్జీ బండ్లు వస్తాయి. మధ్యాహ్నం ఒంటిగంటకు దిగితే రోడ్డు నుంచి నీళ్ల దాకా కాలే ఇసుకలో నడవాలి. ఆ వెడల్పు ఫొటోల్లో తెలియదు. ఇంత ఇసుక ఒకప్పుడు లేదు. హార్బరు కట్టాక దక్షిణం వైపు ఇసుక మేటవేస్తూ వచ్చింది, 1880లలో గవర్నర్ గ్రాంట్ డఫ్ ఒడ్డున నడక దారి వేయించాడు.

స్నానం సంగతి సూటిగా చెబుతాను. వద్దు. నీళ్ల అడుగున లాగుడు ఎక్కువ, ఈత వచ్చినవాళ్లూ పోయారు. పోలీసులు విజిల్ ఊదేది మన మీద కోపంతో అనుకోకండి. ప్యాంటు మడిచి పాదాలు తడుపుకోండి, చాలు.

అపోహ: ఎటూ పోతున్నాం గదా, మహాబలిపురం కూడా కలిపేయొచ్చు.

నేను ఎక్కువగా వాదించేది ఇక్కడే. మహాబలిపురం చెన్నైకి దక్షిణాన 55 కిలోమీటర్లకు పైనే. పోయి రావడానికే మూడు గంటలు. తీరపు గుడి, పంచరథాలు, అర్జునుడి తపస్సు శిల్పం కుదురుగా చూడాలంటే ఇంకో మూడు. ఇక చెన్నైలో చూసేదేముంది, ఫ్లైఓవర్లు తప్ప? మహాబలిపురాన్ని ఇంకో రోజుకు పెట్టుకుని కంచితో కలపండి. తిరుత్తణి, అరక్కోణం మీదుగా కంచి వెళ్లి, అటు నుంచి మహాబలిపురం దిగితే చెన్నై ట్రాఫిక్ జోలికే పోనక్కర్లేదు.

అపోహ: రైల్లో వెళ్తే తిరగడం కష్టం, కారే మేలు.

పెద్దవాళ్లున్నా, ఐదారుగురున్నా కారే. ఇద్దరు ముగ్గురైతే రైలే సుఖం. నాకు బేరం పోయినా ఈ మాటే చెబుతాను. తిరుపతిలో పొద్దున ఆరున్నర ప్రాంతంలో బయల్దేరే గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ పదింటి లోపు సెంట్రల్ స్టేషన్లో దింపుతుంది. స్టేషన్ ఎదురుగా రోడ్డు దాటితే పార్క్ టౌన్ అనే లోకల్ స్టేషన్. అక్కడ వేలచేరి వైపు లోకల్ ఎక్కితే తిరువల్లిక్కేణి, లైట్ హౌస్, తిరుమయిలై ఈ వరసలో వస్తాయి. మొదటిదాంట్లో దిగితే పార్థసారథి, చివరిదాంట్లో దిగితే కపాలీశ్వరుడు. రైలు పైన వంతెన మీద పోతుంది కాబట్టి ట్రాఫిక్ గొడవ లేదు.

ఒక్క మెలిక ఉంది. పార్క్ టౌన్ పక్కనే పార్క్ అని ఇంకో స్టేషన్. అది తాంబరం లైను. టీ నగర్ వెళ్లాలంటే ఆ పార్క్‌లో ఎక్కి మాంబళంలో దిగాలి. పేర్లు కలిసిపోయి మైలాపూరుకని బయల్దేరినవాళ్లు మాంబళంలో తేలుతుంటారు. టికెట్ కౌంటర్లో స్టేషన్ పేరు అడగొద్దు, "మైలాపూరు పోవాలి" అనండి, వాళ్లే దారి చెబుతారు. తమిళం రాదని భయపడక్కర్లేదు. చెన్నైలో తెలుగు అర్థమయ్యేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు, పైగా నగరి, సత్యవేడు వాళ్లకు తమిళం మనం నేర్పేదేంటి.

తిరుగు ప్రయాణంలో జాగ్రత్త. గరుడాద్రి చెన్నైలో సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలోనే కదులుతుంది, దాన్ని నమ్ముకుంటే బీచ్ పోయినట్టే. టైములు మారుతుంటాయి, ముందురోజు చూసుకోండి. రాత్రికి బస్సు పెట్టుకోండి. అయితే కోయంబేడు బస్టాండుకు పరిగెత్తకండి. ఆంధ్ర వైపు బస్సులు చాలావరకు మాధవరం నుంచి కదులుతాయి, టికెట్ మీద ఎక్కే చోటు చదువుకోండి.

అపోహ: టీ నగర్లో గంట చాలు.

చీరలు కొనేవాళ్లుంటే ఆ గంట మొదటి కొట్టు మెట్ల మీదే అయిపోతుంది. కొనేది లేకపోతే రంగనాథన్ వీధిలో ఒక చుట్టు, పానగల్ పార్కులో ఒక బెంచీ. ఆ పార్కు ఎవరి పేరనుకున్నారు? 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానిగా చేసిన పానగల్ రాజాది. పుట్టింది మన కాళహస్తిలో. కారులో వెళ్తే డ్రైవర్ మిమ్మల్ని దింపి ఎక్కడో దూరంగా ఆపుకుంటాడు, అతని నంబరు ఇంట్లో ఇద్దరి ఫోన్లలోనైనా ఉండాలి.

అపోహ: డ్రైవర్‌కు అలవాటే, రాత్రి పన్నెండుకు బయల్దేరినా తెచ్చేస్తాడు.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పగలంతా సిటీ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కిన మనిషి అతను. మీరు మ్యూజియంలో ఉన్న రెండు గంటలూ అతన్ని పడుకోనివ్వండి, "ఈలోపు ఆ షాపుకెళ్లి రా" అని పనులు పెట్టకండి. రాత్రి ఎనిమిదిన్నరకల్లా బండి సిటీలో కదలాలి. భోజనం తిరువళ్లూరు దాటాక రోడ్డు పక్కన చేస్తే అతనికీ కాళ్లు చాపుకునే వీలుంటుంది. పసుపు బోర్డు బండికి, అంటే కిరాయి బండికి, తమిళనాడు పర్మిట్ కట్టారో లేదో బయల్దేరే ముందే అడగండి. చెక్‌పోస్టులో అరగంట పోతే ఆ అరగంట మీ పొద్దుటి దర్శనంలోంచే పోతుంది.