పాత డ్రాగ్ రేసు కారును రోడ్డెక్కించడం: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో 1960ల నాటి డ్రాగ్ రేసుల్లో ‘గ్యాసర్లు’ అనే తరగతి ఒకటి ఉండేది. 1955 షెవీ (షెవ్రొలే), 1941 విల్లీస్ లాంటి మామూలు కార్లకు ముందు భాగం ఎత్తి, రెండు ముందు చక్రాలనూ కలిపే ఒకే కడ్డీ లాంటి యాక్సిల్ వేసి, పెద్ద ఇంజిన్ దింపి పావు మైలు, అంటే 1320 అడుగులు పరుగెత్తించేవారు. వాటిలో మిగిలినవి ఇప్పటికీ అమ్మకానికి వస్తుంటాయి. పది పన్నెండు సెకన్ల పాటు తిన్నగా పోవడానికి కట్టిన బండితో ఊళ్లో సిగ్నళ్ల దగ్గర ఆగుతూ తిరగాలంటే ఏం మార్చాలన్న దానిపై అపోహలకు లోటు లేదు. ఉదాహరణకు 355 క్యూబిక్ అంగుళాల స్మాల్ బ్లాక్ వీ8 ఇంజిన్ (0.030 అంగుళం బోరు పెంచిన 350), 12.5 కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమం ఎన్నో వంతుకు నొక్కుకుంటుందో చెప్పే అంకె), 4.88 రియర్ గేరు (వెనుక చక్రం ఒక చుట్టుకు డ్రైవ్‌షాఫ్ట్ తిరిగే చుట్లు) ఉన్న 1955 షెవీని తీసుకుందాం.

అపోహ: ఆక్టేన్ బూస్టర్ డబ్బా పోస్తే బంకు పెట్రోలుతోనే నడిచిపోతుంది.

నడవదు. నాకింగ్‌తో, అంటే మిశ్రమం అదుపు లేకుండా తనంతట తాను పేలడంతో, పిస్టన్ రింగుల మధ్య గట్లు విరుగుతాయి. డబ్బా మీద ‘7 పాయింట్లు పెంచుతుంది’ అని ఉంటే 91 కాస్తా 98 అవుతుందని అనుకుంటారు. చాలా డబ్బాల లెక్కలో పది పాయింట్లు కలిస్తే ఒక ఆక్టేన్. అంటే వచ్చేది 91.7. (అమెరికా బంకుల్లో కనిపించే 91, 93 అంకెలను మన దగ్గరి 95తో నేరుగా పోల్చకూడదు, కొలిచే పద్ధతి వేరు.) సీసం కలిసిన రేసు పెట్రోలును రోడ్డు మీద వాడటం 1996 జనవరి 1 నుంచి అక్కడ నిషేధం.

కంప్రెషన్ దించాల్సిందే. ఒక్కో సిలిండర్ ఊడ్చే ఘనపరిమాణం సుమారు 727 సీసీ. 12.5 కంప్రెషన్ అంటే పైన మిగిలే ఖాళీ 63 సీసీ. 64 సీసీ హెడ్లు తీసి 76 సీసీవి వేస్తే ఖాళీ 75కి పెరిగి కంప్రెషన్ 10.7 దగ్గర ఆగుతుంది. అల్యూమినియం హెడ్లయినా అది అంచు మీద నడకే. పోత ఇనుము హెడ్లకైతే 9.5 దాటకపోవడం మంచిది. అందుకు 86 సీసీ ఖాళీ కావాలి, కాబట్టి పైభాగం గిన్నెలా లోతుగా ఉన్న పిస్టన్లు తప్పవు.

దీనికి చవక దారి అని కొందరు మందపాటి హెడ్ గ్యాస్కెట్ వేస్తారు. అది వద్దు. పిస్టన్ చదును భాగానికి, హెడ్డుకు మధ్య సందు సుమారు 0.040 అంగుళం ఉన్నప్పుడే మిశ్రమం బాగా చిలికి సమంగా మండుతుంది. ఆ సందు పెరిగితే కంప్రెషన్ తగ్గినా నాకింగ్ తగ్గదు.

పిస్టన్లు మార్చేటప్పుడే కనెక్టింగ్ రాడ్లూ చూడండి. అల్యూమినియం రాడ్లయితే తీసేసి స్టీలువి వేయండి. ఒత్తిడి తక్కువే అయినా పదే పదే పడితే అల్యూమినియం ఎప్పటికైనా అలసి విరుగుతుంది. అందుకే రేసుల్లో ఎన్ని పరుగులు తీశాయో లెక్క పెట్టి మరీ మారుస్తారు.

అపోహ: క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ) అలాగే ఉంచొచ్చు, ఆ గుడగుడ శబ్దమే కదా అందం.

శబ్దం బాగానే ఉంటుంది. 0.050 అంగుళం లిఫ్ట్ దగ్గర కొలిస్తే వాల్వును 260 డిగ్రీలకు మించి తెరిచి ఉంచే క్యామ్ 3500 ఆర్‌పీఎం లోపు కారును సరిగా లాగదు, వ్యాక్యూమ్ ఇవ్వదు, ట్రాఫిక్‌లో ప్లగ్గులు మసిబారతాయి. సాలిడ్ రోలర్ టాపెట్లకు ఇంకో చిక్కు ఉంది. ఐడ్లింగ్‌లో క్యామ్ మీదికి ఎగిరిపడే ఆయిల్ తక్కువ, స్ప్రింగు ఒత్తిడి మాత్రం చాలా ఎక్కువ. రోలర్‌లోని సూది బేరింగులు ముందుగా పోతాయి, ఆ ముక్కలు ఇంజినంతా తిరుగుతాయి. 225–235 డిగ్రీల హైడ్రాలిక్ రోలర్ క్యామ్, దానికి తగిన స్ప్రింగులు వేస్తే సరిపోతుంది.

దీనితో పాటే డిస్ట్రిబ్యూటర్ చూడాలి. రేసు కార్లలో టైమింగ్‌ను, అంటే ప్లగ్గు నిప్పురవ్వ ఎంత ముందుగా వేయాలన్నదాన్ని, 36 డిగ్రీల దగ్గర కదలకుండా బిగించేస్తారు. స్టార్టర్ తిప్పగానే వెనక్కి తంతుంది, వేడెక్కాక అసలు తిరగదు. మొదట 12–16 డిగ్రీలు, 3000 ఆర్‌పీఎం కల్లా మొత్తం 34–36 వచ్చేలా అడ్వాన్స్ బరువులు, వాటి స్ప్రింగులు తిరిగి పెట్టాలి.

కార్బురేటర్ ఎంత ఉండాలో చిన్న లెక్క చెబుతుంది. 355ని 6000 ఆర్‌పీఎంతో గుణించి 3456తో భాగిస్తే నిమిషానికి 616 ఘనపుటడుగులు. సిలిండర్లు పూర్తిగా నిండితేనే అంత గాలి కావాలి. పైన రెండు 660 హోలీ కార్బురేటర్లు ఉన్నాయంటే అవి చూపులకే. 650ది ఒకటి చాలు.

అపోహ: వెనుక గేరు ఒక్కటి మారిస్తే హైవే బండి అయిపోతుంది.

సగం నిజం. 28 అంగుళాల టైరుతో, 4.88 గేరుతో గంటకు 65 మైళ్ల దగ్గర ఇంజిన్ 3800 ఆర్‌పీఎం తిరుగుతుంది. 3.55 వేస్తే 2770. గేరు ముట్టుకోకుండా 0.70 ఓవర్‌డ్రైవ్ ఉన్న గేర్‌బాక్స్ వేసినా 2660కి దిగుతుంది, మొదటి గేర్లలో పికప్ కూడా పోదు. డబ్బుంటే రెండోదే మా ఓటు.

కానీ అసలు గండం స్పూల్. రెండు వెనుక చక్రాలనూ ఒకే కడ్డీలా కట్టిపడేసే ఆ ముక్క మలుపులో లోపలి చక్రాన్ని బలవంతంగా ఈడుస్తుంది. టైరు అరుగుతుంది, యాక్సిల్ మెలితిరుగుతుంది, వాన రోడ్డు మీద తోక జారుతుంది. అది తీసి హెలికల్ గేర్ల లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేయండి. 12 బోల్టుల షెవీ రియర్ అయితే, రేసుల కోసం యాక్సిల్ కడ్డీలను లోపల పట్టి ఉంచే సీ క్లిప్పులు తీసి బయట బేరింగులు బిగించారేమో చూసుకోండి. అవి మలుపుల్లో పడే పక్క బరువుకు తట్టుకోలేక త్వరగా ఆయిల్ కారుస్తాయి. చక్రం లోపలివైపు తడి మరక కనిపిస్తే అనుమానం అక్కడే.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటే 5000 ఆర్‌పీఎం దాకా జారే కన్వర్టర్ తీసి 2500ది వేయండి, విడిగా ఆయిల్ కూలర్ పెట్టండి. మాన్యువల్ అయితే క్లచ్ చుట్టూ ఉన్న స్టీలు కవచాన్ని మాత్రం బరువని తీసేయొద్దు.

అపోహ: ముక్కు ఎంత లేస్తే అంత అసలైన గ్యాసర్.

ఆ రోజుల్లోనే అమెరికా డ్రాగ్ రేసుల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమం ఉంది: క్రాంక్‌షాఫ్ట్ మధ్య గీత నేల నుంచి 24 అంగుళాలు దాటకూడదు. ఆకాశం చూస్తున్న బళ్లు చాలావరకు ఈ కాలపు సరదాలే.

ముందు యాక్సిలే ఈ పని మొత్తంలో ఎక్కువ సమయం తినేది. చాలా బళ్లలో వ్యాన్ల నుంచి తీసిన యాక్సిల్, కమాన్ కట్టల మీద కూర్చుని ఉంటుంది. మొదట కింగ్‌పిన్నులు (ముందు చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన పిన్నులు) చూడండి. యాక్సిల్ కింద జాకీ పెట్టి చక్రం లేపి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట తగిలితే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. ఆట మాయమైతే లోపం చక్రం బేరింగుది, అలాగే ఉంటే కింగ్‌పిన్ బుష్‌ది. తర్వాత కారును నేల మీద ఉంచి, ఒకరు స్టీరింగు అటూ ఇటూ కొంచెం తిప్పుతుంటే మరొకరు కింద కూర్చుని డ్రాగ్ లింక్ (స్టీరింగు కదలికను చక్రానికి చేర్చే కడ్డీ) కొసలు చూడాలి. లింక్ కదిలినా చక్రం కదలకుండా ఉన్న చోటే అరుగుదల.

క్యాస్టర్ (కింగ్‌పిన్ వెనక్కి వాలే కోణం) 5–7 డిగ్రీలు, టో ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండే కొలత) 1/16 నుంచి 1/8 అంగుళం ఉంచండి. ముక్కు లేపే కొద్దీ క్యాస్టర్ పెరుగుతుంది. అందుకే ఎత్తు ఖాయం చేశాకే యాక్సిల్‌కూ కమాన్ కట్టలకూ మధ్య ఏటవాలు ముక్కలు పెట్టి సరిదిద్దాలి, ముందుగా చేస్తే ఆ పనంతా వృథా. డ్రాగ్ లింక్ అడ్డంగా పోయే బండికి పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) వేసి, రెండూ వీలైనంత ఒకే పొడవుతో సమాంతరంగా ఉండేలా చూడాలి. లేకపోతే గతుకు తగిలినప్పుడల్లా స్టీరింగు తనంతట తాను తిరుగుతుంది.

బ్రేకుల విషయానికొస్తే 1955 షెవీకి ఒకే సర్క్యూట్ మాస్టర్ సిలిండర్ ఉండేది. ఒక్క పైపు పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండదు. రెండు సర్క్యూట్లది వేయండి. టైర్లు కాల్చడానికి ముందు బ్రేకును పట్టి ఉంచే లైన్ లాక్ మీట పార్కింగ్ బ్రేకు కాదు. కేబుల్‌తో పనిచేసేది విడిగా కావాలి. బరువు తగ్గించడానికి బెజ్జాలు కొట్టిన పలుచటి డిస్కులు రోడ్డు వేడికి బీటలిస్తాయి.

అపోహ: పెద్ద రేడియేటర్ వేస్తే వేడి సమస్య ఉండదు.

బ్లాకు లోపల ఏముందో ముందు చూడండి. సిలిండర్ గోడలు వంగకుండా నీటి గదుల్లో సిమెంటు లాంటి గ్రౌట్ పోసే అలవాటు రేసుల్లో ఉంది. బ్లాకు పక్కనున్న కోర్ ప్లగ్గు ఒకటి ఊడదీసి టార్చి వేస్తే తెలిసిపోతుంది. అడుగు సగం వరకే ఉంటే ఆయిల్ కూలర్ పెట్టి నడపొచ్చు. పై దాకా నింపి ఉంటే ఏ రేడియేటరూ కాపాడలేదు, బ్లాకు మార్చాల్సిందే. తర్వాత 180 డిగ్రీల ఫారన్‌హీట్ థర్మోస్టాట్, ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్, ఇంజినే తిప్పే నీటి పంపు.

అపోహ: కేజ్ (లోపల కట్టిన స్టీలు గొట్టాల చట్రం) ఉంది కాబట్టి రోడ్డు మీదా భద్రమే.

హెల్మెట్, అయిదు పాయింట్ల బెల్టు ఉన్నప్పుడు మాత్రమే. రోడ్డు మీద హెల్మెట్ లేకుండా కూర్చుంటే, చిన్న గుద్దుడుకే తల పక్కనున్న స్టీలు గొట్టానికి తగులుతుంది. తలకు అందే గొట్టాలన్నిటికీ ఎస్‌ఎఫ్‌ఐ 45.1 (రేసు భద్రతా ప్రమాణం) గుర్తున్న గట్టి ప్యాడింగ్ కట్టాలి. గొట్టాలకు చుట్టే మెత్తటి స్పాంజి ఎందుకూ పనికిరాదు.

చిన్నవి మరికొన్ని. 16 ఓల్టుల బ్యాటరీ ఉంచితే 12 ఓల్టుల లైట్లు మాడిపోతాయి. ఆల్టర్నేటర్, 12 ఓల్టుల బ్యాటరీ పెట్టండి. ముందు అద్దం పాలీకార్బొనేట్‌దైతే వైపర్ గీతలకు రాత్రి దారి కనపడదు, చట్టమూ ఒప్పుకోదు. లామినేటెడ్ గాజు కొత్తది దొరుకుతుంది. స్లిక్కులు, అంటే గాడులు లేని నున్నటి రేసు టైర్లు, రోడ్డుకు పనికిరావు.

అపోహ: రోడ్డుకు మారిస్తే ధర పెరుగుతుంది.

పాత ఫొటోలు, రేసు కాగితాలతో చరిత్ర రుజువయ్యే బండికి ఇది తలకిందులు. కోతలు, వెల్డింగులు లేకుండా బోల్టులతో బిగించే మార్పులే చేయండి, తీసిన ప్రతి భాగాన్నీ చీటీ కట్టి దాచండి. చరిత్ర లేని బండికి ఈ జాగ్రత్త అంతగా అక్కర్లేదు.

కొనేముందు కాగితాలు చూడాలి. చాలా రేసు కార్లకు టైటిల్ (యాజమాన్య పత్రం) ఉండదు. 1955 షెవీ గుర్తింపు సంఖ్య (వీఐఎన్) చెక్కిన రేకు డ్రైవరు తలుపు కీలు స్తంభం మీద ఉంటుంది. అది లేకపోయినా, వేరే బండిదైనా బేరం వదిలేయండి. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందరి పెట్రోలు కార్లకు స్మాగ్ (పొగ కాలుష్య) పరీక్ష లేదు. మిగతా రాష్ట్రాల్లో నియమాలు వేరు. ఇండియాకు తెచ్చి వింటేజ్ కింద రిజిస్టర్ చేద్దామనుకునేవారికి ఒక మాట: 2021 నిబంధన ప్రకారం బండికి 50 ఏళ్లు దాటితే చాలదు, ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి. గ్యాసర్ దానికి సరిపోదు.