మైగ్రేన్, ఎంఆర్‌ఐ: రిపోర్టులో ఆ తెల్ల చుక్కల సంగతి

అపోహ: స్కాన్ తీస్తే మైగ్రేన్ ఉందో లేదో తేలిపోతుంది.

తేలదు. నేను రేడియాలజిస్టును, రోజూ చూసేది ఆ బొమ్మలే. మైగ్రేన్ పట్టుబడేది మీరు డాక్టరుకు చెప్పే మాటల్లో: నొప్పి ఒక పక్కే వస్తుందా, ఎన్ని గంటలుంటుంది, వెలుతురు చూడలేకపోతున్నారా, వాంతి వస్తుందా. స్కాన్ రాసేది చాలాసార్లు వేరే జబ్బేదీ లేదని చూసుకోవడానికే.

అపోహ: వైట్ మ్యాటర్‌లో (మెదడులో నరాల తీగలుండే భాగంలో) తెల్ల చుక్కలున్నాయంటే మెదడు పాడవుతోంది.

జనానికి ఎక్కువ టెన్షన్ ఇక్కడే. రిపోర్టును డాక్టరు కంటే ముందు గూగుల్‌కు చూపించి, పక్షవాతం వస్తుందేమోనని వణికిపోతూ వస్తారు. నెదర్లాండ్స్‌లో 'కెమెరా' అధ్యయనం చేసినవాళ్లు, మైగ్రేన్ ఉన్న ఆడవాళ్లలో ఈ చుక్కలు ఎక్కువని 2004లో చెప్పారు. మొదటి స్కాన్ తీసిన సుమారు తొమ్మిదేళ్లకు అదే మనుషులను మళ్లీ స్కాన్ చేసి, 2012లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఆడవాళ్లలో చుక్కలు పెరిగాయి. కానీ చుక్కలు ఎక్కువున్నవాళ్లకు జ్ఞాపకశక్తి, ఆలోచన మందగించినట్టు కనిపించలేదు. వయసు, బీపీ, షుగర్, సిగరెట్ వల్ల వచ్చేవీ ఇలాంటి చుక్కలే. అందుకే 'నాన్‌స్పెసిఫిక్' అని రాస్తాం: చుక్కను చూసి ఫలానా కారణమని చెప్పలేమని దాని అర్థం.

అపోహ: రిపోర్ట్ నార్మల్ కదా, ఇక ఈ నొప్పంతా నాటకమే.

ఇంట్లోవాళ్ల మాట ఇది. వింటే నాకు కోపమొస్తుంది. మామూలు ఎంఆర్‌ఐ మెదడు ఆకారాన్ని చూపిస్తుంది, పనితీరును కాదు. పనితీరు చూపే ఫంక్షనల్ ఎంఆర్‌ఐతో 2001లోనే, కళ్ల ముందు మెరుపులు కనిపించే సమయంలో మెదడు వెనక భాగంలో పనితీరు మార్పు ఒక అలలా నిమిషానికి సుమారు 3.5 మిల్లీమీటర్ల చొప్పున పాకడం పట్టుకున్నారు. 2016లో జర్మనీ పరిశోధకులు ఒకే రోగికి 30 రోజులు వరుసగా స్కాన్ చేశారు. నొప్పి మొదలవడానికి ముందు రోజే హైపోథాలమస్ (నిద్ర, ఆకలి లాంటివాటిని నడిపే మెదడు లోపలి చిన్న భాగం) తీరు మారిపోయింది.

అపోహ: 7 టెస్లా ఎంఆర్‌ఐ మెషీన్‌లో (మామూలు వాటికంటే చాలా బలమైన అయస్కాంతం ఉన్నదానిలో) అయితే మైగ్రేన్ దొరికిపోతుంది.

2022లో అమెరికాలో ఆ మెషీన్‌తో చూస్తే, మైగ్రేన్ ఉన్నవాళ్లలో రక్తనాళాల చుట్టూ ఉండే సన్నని ఖాళీలు పెద్దవిగా కనిపించాయి. చూసింది మొత్తం 25 మందిని. దాన్ని పట్టుకుని మీ ఒక్కరికి రిపోర్ట్ రాయలేను.

అపోహ: పాత మైగ్రేనే కదా, ఇక స్కాన్ ఎప్పటికీ అక్కర్లేదు.

తలనొప్పి పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చినా, 50 దాటాక కొత్తగా మొదలైనా, చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. పిడుగులాంటి నొప్పికి మేం ముందు తీసేది ఎంఆర్‌ఐ కాదు, చాలాసార్లు సీటీయే.