సేఫ్టీ బోర్డులు, ట్యాగులు: ప్లాంటులో రోజూ వినే అపోహలు

బల్క్ డ్రగ్ ప్లాంటులో, అంటే మందుల ముడిసరుకు తయారుచేసే చోట, సేఫ్టీ చూస్తుంటాను. బోర్డులు, ట్యాగుల గురించి కొన్ని మాటలు ఎన్ని ట్రైనింగులు పెట్టినా మళ్లీ మొదటికే వస్తాయి. నిన్న చేరిన కెమిస్టూ అంటాడు, తలపండిన ఫిట్టరూ అంటాడు. వాటిలో ప్రాణం మీదకు తెచ్చేవి ఇవి.

అపోహ: "ట్యాగ్ తగిలించాం కదా, ఇక మోటారు తిరగదు."

వాస్తవం: తిరుగుతుంది. ట్యాగ్ అట్టముక్క, బ్రేకర్‌ని ఆపే శక్తి దానికి లేదు. ఆపేది తాళం. బ్రేకర్ ఆఫ్ చేసి, తాళం వేసి, ఆ తాళానికి ట్యాగ్ కట్టాలి. ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో చెప్పడం వరకే ట్యాగ్ పని. అమెరికాలో పనిచోట్ల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా 1989లో తెచ్చిన నిబంధనలోనే, ట్యాగు ఉత్తుత్తి ధీమా కలిగించవచ్చని రాసి ఉంది. ట్యాగ్ కట్టే టై కనీసం 50 పౌండ్ల, అంటే దాదాపు 23 కిలోల లాగుడుకు తట్టుకోవాలనీ, ఒకసారి తీశాక మళ్లీ వాడే వీలుండకూడదనీ అందులో ఉంది. మన దగ్గర పురికొసతో కట్టిన ట్యాగులు ఇప్పటికీ కనిపిస్తాయి.

దాని మీద ఏం రాశారన్నది ఇంకో సంగతి. "పని జరుగుతోంది, స్విచ్ వేయరాదు" అని అచ్చేసిన ట్యాగ్ ఒక్కటే వేలాడుతుంటే నైట్ షిఫ్ట్ ఎలక్ట్రీషియన్‌కి ఏం అర్థమవుతుంది? పని ఇంకా జరుగుతోందో, అయిపోయినా తీయడం మర్చిపోయారో తెలియదు. అడుగుదామంటే పేరుండదు. ఒకపక్క బ్యాచ్ లేటవుతోందని ప్రొడక్షన్ వాళ్ల ఫోన్లు. అలాంటప్పుడు గెలిచేది ట్యాగ్ కాదు. అదే ట్యాగ్, రియాక్టర్ పాత్రలో రసాయనాలు కలిపే అజిటేటర్‌దైతే, దాని మీద చెరగని మార్కర్‌తో "ఆర్-104 అజిటేటర్, బ్లేడు బిగిస్తున్నాం, మనిషి లోపల ఉన్నాడు" అని, కింద పేరు, ఫోన్ నంబరు, తేదీ, టైము ఉంటే బ్రేకర్ మీదకు చెయ్యి పోదు.

షిఫ్ట్ మారేటప్పుడు నాకు తరచూ వచ్చే ఫోన్: "సార్, తాళం వేసినాయన ఇంటికెళ్లిపోయాడు, తీసేయమంటారా?" వద్దు. వేసినవాళ్లే తీయాలి. తప్పనిసరైతే ఆయన ప్లాంటులో లేడని ఖాయం చేసుకోవాలి, ఫోన్‌లో దొరికించుకోవాలి, ఇంచార్జి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, మర్నాడు ఆయన పనిలో దిగకముందే తాళం తీసిన సంగతి చెప్పాలి. ఇంత తతంగం ఎందుకంటారు. ఇంటికెళ్లాడనుకున్న మనిషి మ్యాన్‌హోల్ లోపల ఉండొచ్చు గనక.

తాళం పడ్డాక కూడా ఫీల్డ్‌లో స్టార్ట్ బటన్ నొక్కి చూడాల్సిందే. 104కి బదులు 105 ఫీడరుకి (మోటారుకి కరెంటు ఇచ్చే లైనుకి) తాళం పడటం వింతేమీ కాదు. వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) ఉన్న మోటారైతే కరెంటు తీశాక కూడా కెపాసిటర్లలో చార్జి కొన్ని నిమిషాలు ఉంటుంది. ఎంతసేపు ఆగాలో డ్రైవ్ మీదే రాసి ఉంటుంది, చదివేవాళ్లు తక్కువ.

అపోహ: "లేబుల్ మీద అంకె పెద్దదైతే ప్రమాదం పెద్దది."

వాస్తవం: ఏ లేబుల్ అన్నది చూడాలి. నీలం, ఎరుపు, పసుపు, తెలుపు గళ్లున్న ఎన్‌ఎఫ్‌పీఏ (అమెరికా అగ్ని భద్రతా సంఘం) డైమండ్‌లో 0 నుంచి 4 వరకు అంకెలుంటాయి, 4 అంటే అతి ప్రమాదం. రసాయనాల లేబుళ్లకు ప్రపంచమంతా వాడే జీహెచ్‌ఎస్ పద్ధతిలో లెక్క తలకిందులు, కేటగిరీ 1 అంటేనే అతి ప్రమాదం. డైఇథైల్ ఈథర్ మండే గుణానికి డైమండ్‌లో 4 ఉంటుంది, రసాయనంతో పాటు వచ్చే సేఫ్టీ డేటా షీట్‌లో జీహెచ్‌ఎస్ కేటగిరీ 1 ఉంటుంది. రెండూ ఒకే మాట చెబుతున్నాయి. ఆ షీట్‌లో 1 చూసి "తక్కువేలే" అనుకుంటే అంతే సంగతులు.

అపోహ: "ఖాళీ డ్రమ్ముకి లేబుల్ ఎందుకు?"

వాస్తవం: సాల్వెంట్ (కరిగించే ద్రవం) ఉన్న నిండు డ్రమ్ము కన్నా, ఒంపేసిన డ్రమ్ము దగ్గరే నాకు టెన్షన్. అడుగున మిగిలిన కాస్త టోలుయిన్ లాంటి సాల్వెంట్ ఆవిరై, లోపలి గాలితో కలిసి, నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. దాన్ని నీళ్ల తొట్టిగానో చెత్తడబ్బాగానో కోద్దామని గ్యాస్ కటింగ్ పెడితే మూత ఎగిరిపోతుంది. కడిగి శుభ్రం చేసేదాకా పాత లేబుల్ చింపకూడదు. ఇక కూల్‌డ్రింక్ సీసాలో థిన్నర్ పోసుకునే అలవాటుకి లేబుల్ అతికించినా పరిష్కారం కాదు, ఆ సీసా అక్కడ ఉండనే కూడదు.

అపోహ: "ఇంగ్లిషులో బోర్డు ఉంది, చాలు."

వాస్తవం: 250 వోల్టులు దాటిన ఇన్‌స్టలేషన్ల డేంజర్ బోర్డు మీద హిందీ లేదా ఇంగ్లిషుతో పాటు ఆ జిల్లా భాష, పుర్రె-ఎముకల గుర్తు ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోనే నిబంధన పెట్టింది. మరి మన ప్లాంట్లలో ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన కాంట్రాక్టు కూలీలకు తెలుగు కూడా రాదు. వాళ్లను ఆదుకునేది బోర్డు ఆకారం, రంగే: అడ్డగీత ఉన్న ఎర్ర గుండ్రం వద్దంటుంది, నీలం గుండ్రం చేసి తీరాలంటుంది, పసుపు ముక్కోణం జాగ్రత్త అంటుంది, ఆకుపచ్చ పలక బయటికి దారి, ఫస్ట్ ఎయిడ్ చూపిస్తుంది. గేటు దగ్గర ఇండక్షన్‌లో ఈ నాలుగూ బొమ్మ పట్టుకుని వాళ్ల భాష వచ్చినవాళ్లతో చెప్పించాలి. ఒకే గోడ మీద పదిహేను బోర్డులు బిగించడం మాత్రం ఆడిటర్ కోసమే, పనివాడి కోసం కాదు.

అపోహ: "ట్యాంకర్ వెనక అంకెల బోర్డు ఆర్టీవో కోసం."

వాస్తవం: అది ప్రమాదం జరిగినప్పుడు అక్కడికి వచ్చేవాళ్ల కోసం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 134వ నియమం ప్రకారం ఆ ప్యానెల్ బండి మీద మూడు చోట్ల ఉండాలి. అందులోని నాలుగంకెల యూఎన్ నంబరు సరుకేంటో చెబుతుంది: 1203 పెట్రోలు, 1075 ఎల్పీజీ, 1005 అమ్మోనియా, 1017 క్లోరిన్. పక్కనుండే హాజ్‌కెమ్ కోడ్‌లో (ప్రమాదంలో ఏం చేయాలో చెప్పే కోడ్) మొదటి అంకె మంటను దేంతో ఆర్పాలో చెబుతుంది. పెట్రోలుకు 3వైఇ, 3 అంటే ఫోమ్ (నురుగు), చివర్న ఇ అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే సంగతి చూడాలని.

హైవే మీద ట్యాంకర్ బోల్తా పడి కనిపిస్తే దగ్గరికి పోవద్దు. గాలి ఎటునుంచి వస్తోందో ఆ వైపుకి దూరంగా వెళ్లి, అక్కడినుంచే కెమెరా జూమ్ చేసి ఆ నంబరు చదివి, 112కి ఫోన్ చేసినప్పుడు "ఏదో కెమికల్ బండి" అనకుండా ఆ నాలుగంకెలు చెప్పండి.