విదేశీ గడ్డపై ఏళ్ల తరబడి యుద్ధం: ఖర్చు గురించి అపోహలు - వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు ప్రభుత్వ విత్త శాస్త్రం చెబుతాను. యుద్ధ వ్యయం పాఠం వచ్చినప్పుడల్లా క్లాసులో పిల్లలు అనేవి, ఇంటి దగ్గర పెద్దలు అనేవి ఇంచుమించు ఇవే. ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో అమెరికా చేసిన యుద్ధాలనే ఉదాహరణగా తీసుకుంటాను.

అపోహ: ఎంత ఖర్చవుతుందో లెక్క వేసుకునే ప్రభుత్వాలు దిగుతాయి.

2002 సెప్టెంబరులో అధ్యక్షుడు బుష్ ఆర్థిక సలహాదారు లారెన్స్ లిండ్సే, ఇరాక్ యుద్ధానికి 10 వేల కోట్ల నుంచి 20 వేల కోట్ల డాలర్లు కావచ్చన్నారు. అంత ఎందుకవుతుందని సొంత ప్రభుత్వమే కొట్టిపారేసింది. డిసెంబరుకల్లా ఆయన పదవిలో లేరు. 2003 మార్చిలో రక్షణ శాఖ ఉపమంత్రి పాల్ వుల్ఫోవిట్జ్, ఇరాక్ తన పునర్నిర్మాణానికి తానే డబ్బు పెట్టుకోగలదని కాంగ్రెస్‌కు చెప్పారు. చివరికి ఒక్క ఇరాక్‌కే కాంగ్రెస్ మంజూరు చేసిన సొమ్ము 80 వేల కోట్ల డాలర్లు దాటింది.

అపోహ: ఆ భారం అప్పటి పన్ను చెల్లింపుదారులే మోస్తారు.

కొరియా యుద్ధానికి అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ పన్నులు పెంచారు. వియత్నాం యుద్ధం ముదిరాక 1968లో అధ్యక్షుడు జాన్సన్ ఆదాయపు పన్నుపై 10 శాతం సర్‌చార్జి వేశారు. ఇరాక్‌కు వచ్చేసరికి ఇది తలకిందులైంది. 2003 మార్చిలో యుద్ధం మొదలైంది, మేలో పన్నులు తగ్గించారు. యుద్ధమంతా అప్పు మీదే నడిచింది. పైగా ఏళ్ల తరబడి ఆ ఖర్చును మామూలు బడ్జెట్‌లో కాకుండా ‘అత్యవసర’ అనుబంధ కేటాయింపుల్లో పెట్టారు. నిర్బంధ సైనిక సేవ 1973లోనే పోయింది. ఇంట్లో సైనికుడు లేడు, జీతంలో కోత లేదు. ఇక ‘ఇంకెన్నాళ్లు?’ అని గట్టిగా అడగాల్సిన అవసరం ఎవరికి పడుతుంది? యుద్ధాలు ఇంతగా సాగడానికి ఇదే పెద్ద కారణమని నా గట్టి నమ్మకం.

అపోహ: ఏ కారణంతో మొదలైందో ఆ కారణం తీరగానే యుద్ధం ఆగుతుంది.

అఫ్గానిస్తాన్‌కు వెళ్లింది బిన్ లాడెన్ కోసం. అతను 2011 మే 2న పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో హతమయ్యాడు. యుద్ధం ఇంకో పదేళ్లు, 2021 ఆగస్టు 30 వరకు సాగింది. ఇరాక్‌లో సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితిలో వాదించారు. అలాంటి నిల్వలేవీ లేవని 2004లో అమెరికా తనిఖీ బృందమే తేల్చింది. అప్పటికి ప్రజాస్వామ్య స్థాపన కారణమై కూర్చుంది. ఇరాక్‌కు మన సైన్యాన్నీ పంపమని అమెరికా అడిగింది. ఐక్యరాజ్యసమితి ఆదేశం లేకుండా పంపలేమని 2003 జులైలో వాజ్‌పేయి ప్రభుత్వం చెప్పింది. ఆ నిర్ణయం ఎన్ని ఇళ్లను కాపాడిందో తలచుకుంటే ఇప్పటికీ మనసు కుదుటపడుతుంది.

అపోహ: ఇంతమంది చనిపోయాక ఆపేస్తే వాళ్ల త్యాగం వృథా.

క్లాసులో దీనికి బోరు ఉదాహరణ చెబుతాను. మూడొందల అడుగులు వేసినా నీళ్లు పడలేదు. ‘ఇంత పెట్టాం కదా, ఇంకో వంద చూద్దాం’ అని మళ్లీ అప్పు చేస్తాడు రైతు. పెట్టిన డబ్బు ఆపినా రాదు, సాగించినా రాదు. చూడాల్సింది కింద నీళ్లున్నాయా లేవా అనేదే. పోయినవాళ్ల పేరుతో ఇంకొందరిని పంపడం ఏ లెక్కలోనూ నాకు న్యాయంగా కనిపించదు.

అపోహ: యుద్ధం వస్తే ఉద్యోగాలొస్తాయి.

వస్తాయి. కానీ అదే సొమ్ము విద్య, వైద్యం మీద పెడితే ఇంకా ఎక్కువ వస్తాయని మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆర్థికవేత్తలు లెక్క కట్టి చూపారు.

అపోహ: సైన్యం తిరిగొస్తే ఖర్చు ఆగిపోతుంది.

అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసింది. అందులో పోరాడిన ఒక సైనికుడి కూతురు 2020లో చనిపోయేవరకు నెలకు 73.13 డాలర్ల పింఛను అందుకున్నారు. ఇరాక్, అఫ్గాన్ యుద్ధాల్లో పనిచేసినవారి వైద్యం, పరిహారాలకు 2050 నాటికి 2.2 నుంచి 2.5 లక్షల కోట్ల డాలర్లు కావాలని, యుద్ధాల ఖర్చును లెక్కగట్టే బ్రౌన్ యూనివర్సిటీ ప్రాజెక్టు అంచనా.

ఇవన్నీ అమెరికా పద్దులు. ఆ ప్రాజెక్టు లెక్క ప్రకారమే చనిపోయిన అఫ్గాన్ సైనికులు, పోలీసులు 66 వేల పైనే. వాళ్లను చేర్చుకున్న ప్రభుత్వం 2021 ఆగస్టు 15న కూలిపోయింది. ఆ అంకెను బోర్డు మీద విడిగా రాసి, గంట కొట్టేదాకా చెరపను.