జీతం ఎవరు తేల్చాలి? బ్రిటన్ నర్సుల గొడవ వెనక కథ

2022 డిసెంబర్ 15. లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రి ముందు నర్సులు ప్లకార్డులు పట్టుకుని చలిలో నిలబడ్డారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1860లో నర్సింగ్ స్కూలు పెట్టింది ఈ ఆస్పత్రిలోనే. థేమ్స్ నదికి అవతలి ఒడ్డున పార్లమెంటు. ఆర్‌సీఎన్ అని పిలిచే నర్సుల సంఘం రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ 106 ఏళ్ల చరిత్రలో అంత పెద్ద సమ్మె ఎన్నడూ చేయలేదు.

ఆ అక్టోబర్‌కి ధరల పెరుగుదల 11 శాతం దాటింది. జీతం మాత్రం ఎక్కువమందికి ఏడాదికి 1,400 పౌండ్లే పెరిగింది. అదేమిటని అడిగితే, స్వతంత్ర కమిటీ చెప్పినంతా ఇచ్చామని మంత్రులు చేతులు దులుపుకున్నారు.

ఆ కమిటీ పేరు పే రివ్యూ బాడీ. 1982లో ఆరోగ్య సిబ్బంది జీతాల కోసం నెలల తరబడి ఆందోళన చేశాక, నర్సులు, కాన్పులు చేసే మిడ్‌వైఫ్‌ల కోసం ప్రధాని మార్గరెట్ థాచర్ ప్రభుత్వం 1983లో దాన్ని పెట్టింది. సభ్యులను నియమించేది ప్రభుత్వం. ఏం పరిశీలించాలో ఉత్తరం రాసేది మంత్రి. ఖజానాలో ఇంతే ఉందని ముందే చెప్పేదీ, చివర్లో సిఫార్సుకు ఊ అనేదీ ఉహూ అనేదీ వాళ్లే. మన పీఆర్‌సీ తంతు చూసినవాళ్లకు ఇదేం కొత్త కాదు: సిఫార్సు కమిటీది, ఫిట్‌మెంట్ సర్కారుది.

2014లో ఇదే కమిటీ అందరికీ 1 శాతం పెంచమంది. ఒక్క శాతం! ఏటా ఇంక్రిమెంట్ వచ్చేవాళ్లకు అది కూడా కుదరదన్నారు అప్పటి ఆరోగ్య మంత్రి జెరెమీ హంట్. దాంతో అక్టోబర్ 13న పొద్దున 7 నుంచి 11 దాకా ఇంగ్లండ్‌లో మిడ్‌వైఫ్‌లు పని ఆపారు. పురిటి నొప్పులతో వచ్చినవాళ్లను మాత్రం వదిలేయలేదు. 133 ఏళ్ల వాళ్ల సంఘానికి అదే తొలి సమ్మె. కమిటీ మాట 2014లో తోసిపుచ్చదగ్గదైతే, 2022లో శిలాశాసనం ఎలా అయింది?

ఉత్తర ఐర్లండ్‌లో ఇంకో చిత్రం. 2017 జనవరి నుంచి మూడేళ్లు అక్కడ సొంత మంత్రివర్గమే లేదు. నర్సుల జీతాలు ఇంగ్లండ్ కంటే వెనకబడ్డాయి, పెంచే అధికారం తమకు లేదని అధికారులు అన్నారు. 2019 డిసెంబర్ 18న అక్కడి నర్సులు సమ్మెకు దిగారు. ఆర్‌సీఎన్ చరిత్రలోనే అది మొదటిది. 2020 జనవరిలో మంత్రులు తిరిగి కుర్చీల్లో కూర్చున్న కొద్ది రోజులకే సమాన జీతానికి ఒప్పుకున్నారు. కావలసింది ఒక మంత్రి సంతకమన్నమాట.

ఇంగ్లండ్‌లోనూ 2023 మార్చికి మంత్రులు సంఘాలతో నేరుగా బేరానికి కూర్చున్నారు. 5 శాతం పెంపు, దాంతోపాటు ఒకసారికి కొంత మొత్తం అన్నారు. మిగతా సంఘాల్లో ఎక్కువ సరేనన్నాయి, ఆర్‌సీఎన్ సభ్యుల్లో ఓటేసినవాళ్లలో 54 శాతం వద్దన్నారు. కానీ జూన్‌లో మళ్లీ ఓటింగ్ పెడితే సగంమంది కూడా ఓటేయలేదు. సగంమందైనా ఓటేస్తేనే సమ్మె చెల్లుతుందని 2016లో తెచ్చిన చట్టం అప్పట్లో అమల్లో ఉండేది. ఆ చట్టం తెచ్చిందీ ప్రభుత్వమే.