"ఇవి స్కూలు పిల్లలు కొలిచినవేగా?" నది పరిశీలన మీద అపోహలు - వాస్తవాలు

ఈ మధ్య ఒక సమావేశంలో మళ్ళీ అదే మాట విన్నాను. భూగర్భ నీటిమట్టాల చార్టు తెర మీద ఉంది. ముందు వరుసలో కూర్చున్న ఒకాయన చాలా మర్యాదగానే, "ఇవి స్కూలు పిల్లలు కొలిచినవేగా, అసలు డేటా ఏదండీ?" అని అడిగారు. అదే అసలు డేటా అన్నాను. ఆయన నవ్వారు. ఇంటికొచ్చాక కూడా ఆ నవ్వు నన్ను వదల్లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

నది ఒడ్డు పరిశీలన, విద్య కలిపి నడిపే కార్యక్రమాల్లో పనిచేసేవాళ్ళందరికీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. మా పని గురించి ప్రచారంలో ఉన్న మిగతా అపోహలతో పెద్ద నష్టం లేదు. దీనితో ఉంది. అందుకే దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

అపోహ: పిల్లలు, వాలంటీర్లు తెచ్చేది సరదా లెక్క. సైంటిస్టులు కొలిస్తేనే డేటా.

ముందుగా పని ఎలా జరుగుతుందో చూడండి. పరిశీలక బావి అంటే నేలలోకి దించిన సన్నటి గొట్టం. టేపు కిందికి వదులుతారు, నీళ్ళు తగలగానే బీప్ వస్తుంది, గొట్టం అంచు దగ్గర అంకె చదువుతారు. అందులోంచి నేల పైకి ఉన్న గొట్టం ఎత్తు తీసేస్తే నీటిమట్టం ఎంత లోతులో ఉందో తెలుస్తుంది. దీనికి డాక్టరేట్ అక్కర్లేదు, ఓపిక కావాలి. ఇద్దరు విడివిడిగా చదువుతారు. తేడా సెంటీమీటరు దాటితే మళ్ళీ కొలుస్తారు. ఫీల్డ్ షీట్ మీద రబ్బరు వాడకూడదు. తప్పయితే ఒక గీత కొట్టి పక్కన రాయాలి, పాత అంకె కనబడుతూనే ఉండాలి. ఆఫీసులో ఆ షీట్‌ను ఒకరు ఎక్కిస్తే ఇంకొకరు సరిచూస్తారు.

తప్పులు జరగవా అంటే జరుగుతాయి. గొట్టం ఎత్తు తీసేయడం మర్చిపోవడం అందరూ చేసే తప్పు, పీహెచ్‌డీ విద్యార్థులు కూడా చేస్తారు. కానీ అలాంటి తప్పు దాక్కోలేదు. ఆ నెల చుక్క సరిగ్గా గొట్టం ఎత్తంత దూరం జరిగి కూర్చుంటుంది, చార్టు తెలిసినవాళ్ళు చూడగానే పట్టేస్తారు. నాకు నిజంగా భయం పుట్టించేది వేరే తప్పు. "ఇంత రావాలి" అని ముందే అనుకున్న పెద్దమనిషి, దానికి దగ్గరగా సర్ది రాసే అంకె. అది చార్టులో ఎంత అందంగా కలిసిపోతుందంటే, ఎవరూ పట్టుకోలేరు.

ఒకసారి ఒక బావిలో నీళ్ళు గత నెల కన్నా బాగా దిగువన ఉన్నట్టు వచ్చింది. పిల్లలతో వచ్చిన టీచరు గారు ఎండకి విసిగిపోయి ఉన్నారు, "పోయినసారి ఎంతుందో చూసి దగ్గరగా రాసెయ్యమ్మా, వెళ్దాం" అన్నారు. ఆ అమ్మాయి రాయలేదు. టేపు తుడిచి మళ్ళీ దించింది. మళ్ళీ అంతే వచ్చింది. "నాకు ఇదే వస్తోంది మేడమ్, నేను ఇదే రాస్తా" అంది. ఎగువన ఆనకట్ట మరమ్మతు కోసం గేట్లు మూసేశారని తర్వాత తెలిసింది. నది తగ్గితే ఒడ్డు కింద నీళ్ళూ తగ్గాయి, అంతే. టీచరు గారి మాట విని ఉంటే ఆ నెల ఏమీ జరగనట్టే రికార్డయ్యేది.

పిల్లలు బలహీనంగా ఉండే చోట్లు లేవని కాదు. "చెట్ల నీడ ఎంత శాతం?" అంటే ఒకరు నలభై అంటారు, ఇంకొకరు డెబ్భై. నది అడుగున బతికే పురుగుల్ని కూడా లెక్కపెడతాం, కానీ పురుగును జాతి దాకా గుర్తించమంటే తికమక పడతారు. అందుకే వాళ్ళని ఆ పని అడగం. మేఫ్లై, స్టోన్‌ఫ్లై, కాడిస్‌ఫ్లై లాంటి నీటి పురుగుల గుంపుల దాకా చాలు. ఆపైన నిపుణులు చూసుకుంటారు, దాని కోసం నమూనాలు ఆల్కహాల్‌లో దాస్తాం. ఎవరికి ఏ పని ఇవ్వాలో తేల్చడమే ప్రోటోకాల్, అంటే కొలిచే పద్ధతి, రాసేవాళ్ళ అసలు నేర్పు. లెక్క తేడా వస్తే నేను ముందు ప్రోటోకాల్‌ని అనుమానిస్తాను, ఆ తర్వాతే పిల్లల్ని.

మాట మీద నమ్మొద్దు, ఉదాహరణలు చూడండి. ఇంగ్లండ్‌లో కెన్నెట్ నది మీద 2013 జూలైలో రొయ్యల్లాంటి చిన్న జీవులు, పురుగులు ఒక్కసారిగా మాయమయ్యాయి. మార్ల్‌బరో పట్టణం దిగువన దాదాపు 15 కిలోమీటర్ల మేర ఇదే పరిస్థితి. నీళ్ళు చూడ్డానికి మామూలుగానే ఉన్నాయి. కారణం క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు. దీన్ని మొదట గమనించింది వలతో అడుగు మట్టి కదిపి పురుగుల్ని లెక్కపెట్టే స్థానిక వాలంటీర్లు. ముందు ఎన్ని ఉండేవో వాళ్ళ దగ్గర లెక్క ఉంది కాబట్టే, "ఏదో తేడా ఉంది" అని గట్టిగా చెప్పగలిగారు.

జర్మనీలో క్రెఫెల్డ్ కీటక సంఘం కూడా అంతే. అందులో చాలామందికి ఇది ఉద్యోగం కాదు, ఇష్టం. ఒకే రకం వలలు, ఒకే పద్ధతి, 63 రక్షిత ప్రదేశాలు, 27 ఏళ్ళు. 2017లో ఆ లెక్కలు అచ్చయినప్పుడు, ఎగిరే కీటకాల మొత్తం బరువు నాలుగింట మూడొంతుల కన్నా ఎక్కువ తగ్గిందని ప్రపంచానికి తెలిసింది. అమెరికాలో రియో గ్రాండే నది ఒడ్డు అడవుల్లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం, బోస్కె స్కూలు కలిసి మొదలుపెట్టిన కార్యక్రమంలో 1990ల నుంచి విద్యార్థులే నెలనెలా నీటిమట్టం, వాన, రాలిన ఆకులు కొలుస్తున్నారు. ఆ నీళ్ళని, అడవిని చూసుకునే సంస్థలు ఆ అంకెలు వాడుకుంటున్నాయి.

ఇక నష్టం సంగతి. చేపలు చచ్చిన మర్నాడు ఒడ్డున ఉండేవాళ్ళు మా దగ్గరికి పరుగెత్తుకొస్తారు. వాళ్ళ టెన్షన్ నాకు అర్థమవుతుంది, వాళ్ళ బతుకు ఆ నీళ్ళ మీదే. "ఇంతకు ముందు ఇలా ఉండేది కాదు సార్" అంటారు. నిజమే అయుంటుంది. కానీ ముందు ఎలా ఉండేదో రాసిపెట్టిన కాగితం లేకపోతే ఫిర్యాదు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. "పిల్లల లెక్కలు ఎందుకులే" అని ఆపేసిన చోట్లలో జరిగేది ఇదే. కొత్తగా ఎంత ఖరీదైన మీటరు తెచ్చినా అది ఈరోజు అంకే చెబుతుంది. నిరుడు ఎంతుందో చెప్పే మీటరు ఎక్కడా అమ్మరు.

దీనికి తోడు ఇంకో మాట: "ఏళ్ళ తరబడి అదే అంకె వస్తోంది, ఇంకా కొలవడం ఎందుకు?" అదే అంకె రావడం కూడా ఫలితమేనండీ. ఏది మామూలో తెలియకపోతే ఏది తేడానో ఎలా తెలుస్తుంది?

అపోహ: చేపలు చచ్చాయంటే ఎవరో విషం కలిపారు.

కావచ్చు, కాకపోవచ్చు. వాట్సాప్‌లో ఫలానా వాళ్ళ పని అని పేరు పెట్టేముందు ఒక్క నిమిషం ఆగండి. నాచు బాగా పెరిగిన నీళ్ళలో పగలు ఆక్సిజన్ ఎక్కువ ఉంటుంది, రాత్రి నాచు కూడా ఊపిరి తీసుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున అట్టడుక్కి పడిపోతుంది. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ పట్టే శక్తి కూడా తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల దగ్గర సుమారు 7.5. మధ్యాహ్నం వచ్చి కొలిచి "డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) బాగానే ఉంది" అని వెళ్ళిపోయేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పెద్ద చేపలు ముందు పోతే, తెల్లవారుజామున పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే ఆక్సిజన్‌ని అనుమానించండి. చిన్నా పెద్దా తేడా లేకుండా, పురుగులతో సహా ఒకేసారి పోతే రసాయనాన్ని అనుమానించండి. ఇవి అనుమానాలే, తీర్పులు కావు. సమయం రాసుకోండి, ఫోటో తీయండి, వెంటనే చెప్పండి. చచ్చిన చేపల్ని మాత్రం తినకండి.

అపోహ: మీ కార్యక్రమం వచ్చిందంటే మా మీద కేసు పడుతుంది.

మాకు జరిమానా వేసే అధికారం లేదు, గేటు మూయించే అధికారమూ లేదు. కొలుస్తాం, రాస్తాం, అడిగినవాళ్ళకి ఇస్తాం. ఒడ్డున ఉన్న పొలం వాళ్ళు దారి ఇవ్వకపోతే మేం బావి దగ్గరికే వెళ్ళలేం. ఈ కార్యక్రమం వెనుక ఉన్న మనుషుల్లో వాళ్ళూ ఉన్నారని మా బోర్డుల మీద ఎవరూ రాయరు, రాయాలి.

అపోహ: హాయిగా నది ఒడ్డున తిరిగే ఉద్యోగం.

తిరిగేది కొంచెం. మిగతాదంతా ఆకులు ఎండబెట్టి తూకం వేయడం, బూట్లు కడగడం, బస్సు రాలేదని ఫోన్లు చేయడం, ఎవరి చేతిరాతో అర్థం కాక షీట్ పట్టుకుని కూర్చోవడం. డేటా ఎంట్రీ చేసేవాళ్ళు ఒక నెల సెలవు పెడితే సైంటిస్టు లేని లోటు కన్నా ఎక్కువ తెలుస్తుంది.

అపోహ: వరద వస్తే ఒడ్డు అడవి నాశనం.

చాలా ఒడ్డు చెట్లకి వరదే పురుడు పోస్తుంది. రియో గ్రాండే ఒడ్డున పెరిగే కాటన్‌వుడ్ చెట్టు విత్తనం కొన్ని వారాలే బతుకుతుంది, వరద తీసిన తర్వాత మిగిలే తడి ఒండ్రు మీద పడితేనే మొలుస్తుంది. ఆనకట్టలతో వరదలు తగ్గాక అక్కడ ముసలి చెట్లే మిగిలాయి, పిల్ల మొక్కలు అరుదు. రాలిన ఆకుల్ని "చెత్త" అని ఊడ్చేసేవాళ్ళకి కూడా ఇదే చెబుతాను: వదిలేయండి, అది నేల తిండి.

అపోహ: మీరు పరీక్ష చేశారుగా, ఇక తాగొచ్చు.

దయచేసి వద్దు. పురుగులు బాగున్నాయంటే నదిలో జీవం బాగుందని అర్థం. మనిషి కడుపుకి మంచిదని కాదు. మేఫ్లై హాయిగా ఉన్న నీళ్ళలోనే మలం నుంచి వచ్చిన బ్యాక్టీరియా ఉండొచ్చు, దాని పరీక్ష వేరు. నమూనాని ఇంక్యుబేటర్‌లో 18 నుంచి 24 గంటలు ఉంచాలి, ఒడ్డున నిలబడి అప్పటికప్పుడు చెప్పేది కాదు. చంటిపిల్లల తల్లులు సీసాలో నీళ్ళు పట్టుకొచ్చి అడిగినప్పుడు "తెలియదమ్మా, ల్యాబ్‌కి పంపండి, అప్పటిదాకా బాగా మరిగించండి" అంటాను. మరిగిస్తే సూక్ష్మజీవులు పోతాయి, రసాయనాలు పోవు. ఆ మాట కూడా కలిపే చెబుతాను, వాళ్ళ ముఖం చిన్నబోయినా సరే.

ఇక పిల్లల్ని పంపాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రులకి: మోకాలు దాటిన నీళ్ళలోకి పిల్లల్ని దింపం. ప్రవాహం వడిగా ఉన్నా, ఎగువన వాన పడుతున్నా ఆ రోజు నీళ్ళలో పని ఉండదు, షీట్‌లో ఆ గడి ఖాళీగా వదిలి కారణం రాస్తాం. ఏ కార్యక్రమంలో చేర్చినా ముందు ఈ నియమాలు అడగండి. జవాబు నాన్చితే పంపకండి.