రోజంతా ఏం చేస్తావు పెద్దమ్మా?

పిల్లలూ,

మొన్న ఫోన్లో ఇద్దరూ ఒక్కసారే అడిగారు కదా, "ఫొటో తీయించుకోవడానికి నీ దగ్గరికి రోజుకి ఒక్కళ్లే వస్తారంటావు, అది తియ్యడానికి సెకను కూడా పట్టదు, మరి మిగతా రోజంతా ఏం చేస్తావు పెద్దమ్మా?" అని. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఆ ప్రశ్న మనసులో ఉండిపోయింది. మీ లెక్క సరిగ్గానే ఉంది. మామూలుగా నా కెమెరా షట్టర్ తెరుచుకుని మూసుకునేది సెకనులో 125వ వంతు. ఒక పూటలో రెండు వందల ఫొటోలు తీసినా, అన్నీ కూడితే రెండు సెకన్లు కూడా నిండవు. మిగతా పొద్దంతా ఎటు పోతుందో చెబుతాను, వినండి.

ఎక్కువ భాగం మనుషుల బెరుకు పోగొట్టడానికే పోతుంది. పెద్దవాళ్లకి బెరుకేమిటని అనుకోకండి. గుమ్మంలో హాయిగా మాట్లాడుతూ వచ్చిన మనిషి కెమెరా ఎదుట కూర్చోగానే భుజాలు చెవుల దాకా లేస్తాయి, గుప్పిళ్లు బిగుసుకుంటాయి, నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోతుంది. దాదాపు అందరూ మొదట అనే మాట ఒకటే: "నా ఫొటోలు బాగా రావండీ." ఆ మాట వెనక ఒక చిత్రమైన సంగతి ఉంది. మన ముఖం మనకి అలవాటైంది అద్దంలో. అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయి. ఫొటోలో కనిపించేది మాత్రం ఊళ్లోవాళ్లందరూ రోజూ చూసే ముఖం. 1977లో కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒకే మనిషి ఫొటోని మామూలుగా ఒకటి, అద్దంలోలా తిప్పి ఒకటి చూపించి అడిగితే, ఆ మనుషులు అద్దంలాంటి దాన్నీ, వాళ్ల స్నేహితులు మామూలుదాన్నీ ఎక్కువగా మెచ్చుకున్నారు. ఫొటో బాగా రాలేదని కాదు, అది మనకి కొత్త ముఖం అంతే. వచ్చినవాళ్లకి ఈ మాట చెబితే చాలామందికి సగం బిగువు అక్కడే వదులుతుంది.

మిగతా సగానికి మాత్రం ఒకే మందు లేదు. ఒకసారి ఒక పెద్దాయన వచ్చారు, కూతురి బలవంతం మీద. కూర్చున్నారు గానీ చేతులు తొడల కింద దాచేసుకున్నారు. ఏం మాట్లాడినా "ఆఁ", "ఊఁ" తప్ప పలుకు లేదు. నలభై నిమిషాలు గడిచినా నా దగ్గర పనికొచ్చే ఫొటో ఒక్కటి లేదు. చివరికి కెమెరా పక్కన పెట్టి, "కాసేపు ఆగుదామండీ" అన్నాను. అప్పుడాయన తను కూర్చున్న కుర్చీ చేతిని తడుముతూ, "ఈ అతుకు వదిలిందమ్మా, ఎవరు చేశారో గాని తొందరపడ్డారు" అన్నారు. ఆయన వడ్రంగి అని అప్పుడు తెలిసింది నాకు. తల వంచి, ఒక కన్ను చికిలించి, బొటనవేలితో ఆ సందును నొక్కి చూస్తున్నారు. గోళ్ల అంచులు అరిగిపోయి, వేలి కణుపులు ఉబ్బి ఉన్నాయి. మెల్లగా కెమెరా ఎత్తి మూడే మూడు తీశాను. వాళ్లమ్మాయి తెర మీద చూసి చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఇదీ మా నాన్న" అంది. ఆ కుర్చీ తర్వాత బాగు చేయించాను లెండి. కానీ కూర్చోబెట్టగానే ఆయన చేసే పని గురించి ఎందుకు అడగలేదా అని ఈ రోజుకీ అనుకుంటాను. ఇప్పుడు ఎవరొచ్చినా మొదటి ప్రశ్న అదే.

పాతకాలం ఫొటోల్లో అందరూ ఎందుకంత బిర్రబిగుసుకుని ఉంటారో తెలుసా? 1839లో డగేర్ అనే ఆయన లోహపు పలక మీద ఫొటో తీసే పద్ధతి లోకానికి తెలిసిన కొత్తలో, వెలుగు ఆ పలక మీద పడి బొమ్మ కట్టడానికి నిమిషాలు పట్టేది. అంతసేపు కదలకూడదు. తల ఊగకుండా మెడ వెనక ఇనుప ఊతం పెట్టేవాళ్లు. నవ్వు అంతసేపు నిలవదు కదా! అదే ఏడాది ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ అనే యువకుడు తన ఫొటో తానే తీసుకున్నాడు. జుట్టు చెదిరి, చేతులు కట్టుకుని, చిత్రంలో ఒక పక్కకి జరిగి ఉంటాడు. నాకది ఎంతో ఇష్టం, ఆ మనిషి ఇప్పుడే లేచి మాట్లాడతాడా అన్నట్టుంటుంది.

ఇక వెలుగు. మీరు వచ్చినప్పుడు నా గదిలో పెద్ద కిటికీ, దానికి ఎదురుగా నిలబెట్టిన తెల్లటి థర్మోకోల్ అట్ట చూశారు గుర్తుందా? చాలా రోజులు నా సరంజామా అంతా ఆ రెండే. ఎండ నేరుగా పడని కిటికీ ఒక పక్క నుంచి మెత్తటి వెలుగు ఇస్తుంది, అట్ట రెండో పక్క నీడని కొంచెం పలచన చేస్తుంది. మనిషి కిటికీకి మీటరు దూరంలో ఉంటే ఒక తీరు, రెండు మీటర్లకి జరిగితే వెలుగు బాగా తగ్గిపోతుంది. చిన్న బల్బు అయితే లెక్క మరీ కచ్చితం: దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే మిగులుతుంది. అందుకే కుర్చీని ఒక అడుగు ఇటు, అర అడుగు అటు జరుపుతూ ఉంటాను. చూసేవాళ్లకి చాదస్తంలా ఉంటుంది. కళ్లలో కిటికీ తెల్లగా ఒక చుక్కలా మెరవాలి. ఆ చుక్క లేకపోతే ఎంత అందమైన కళ్లయినా ప్రాణం లేనట్టు కనిపిస్తాయి. కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లకి ఆ చుక్క కాస్తా అద్దం మీద తెల్లటి మరకవుతుంది. అప్పుడు కళ్లద్దాల కాడల్ని చెవుల మీద కొద్దిగా పైకి లేపమంటాను. అద్దాలు నేల వైపు వాలి మరక మాయమవుతుంది.

ఫోకస్ దగ్గర తప్పు జరిగే అవకాశం చాలా ఎక్కువ. నేను ఎక్కువగా వాడేది 85 మిల్లీమీటర్ల లెన్స్. మీటరున్నర దూరం నుంచి, దాంట్లో వెలుగు వచ్చే రంధ్రాన్ని బాగా తెరిచి, అంటే 1.8 అనే అంకె దగ్గర పెట్టి తీస్తే స్పష్టంగా వచ్చేది మూడు సెంటీమీటర్ల మందం మాత్రమే. కన్ను బాగుంటే చెవి మసక. మనిషి ఊపిరి తీసుకుంటూ కాస్త ముందుకు ఊగినా కన్ను పోయి ముక్కు మిగులుతుంది. కాబట్టి నాకు దగ్గరగా ఉన్న కన్ను మీదే నా దృష్టంతా. అలాగని మసకంతా తప్పే అనుకోకండి. జూలియా మార్గరెట్ కామెరాన్ అనే ఆవిడకి 1863లో, 48 ఏళ్ల వయసులో, కూతురూ అల్లుడూ మొదటి కెమెరా బహుమతిగా ఇచ్చారు. ఆవిడ ముఖాల్ని కావాలనే కొంచెం మెత్తగా తీసేది. ఫోకస్ సరిగ్గా లేదని ఆ రోజుల్లో విమర్శించారు. ఆ ఫొటోలే ఇప్పుడు పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి.

మనిషి వెళ్లిపోయాక అసలు చాకిరీ మొదలవుతుంది. రెండు వందల్లోంచి ఇరవై ఏరాలి. కళ్లు మూసినవి, కదిలినవి తీసెయ్యడం సులువు. రెండు మంచివాటిలో ఒకటి వదులుకోవడమే కష్టం. తర్వాత టచప్. అక్కడ నాకొక నియమం ఉంది: రెండు వారాల్లో దానంతటదే పోయే మొటిమని తీసేస్తాను, జీవితాంతం ఉండే పుట్టుమచ్చని, గాటుని వాళ్లడిగితే తప్ప ముట్టుకోను. ముడతల్ని ఇస్త్రీ చేసినట్టు చదును చేస్తే తెర మీద మిగిలేది ఇంకెవరో.

ఒక తప్పు చెప్పాలి మీకు. కొత్తలో నా కెమెరాలో ఫొటోలు దాచే మెమరీ కార్డు ఒకటే పట్టేది. ఒక తల్లి తన కొడుకుని తీసుకొచ్చింది. మీ అంతవాడు కాదు, ఇంకా చిన్నవాడు. వాడి ముందు పన్ను దారానికి వేలాడినట్టు ఊగుతోంది. అది ఊడేలోపు ఆ నవ్వు దాచుకోవాలని ఆవిడ కోరిక. వాడు నాలుకతో ఆ పన్నుని ముందుకీ వెనక్కీ తోస్తూ ఎంత బాగా నవ్వాడో! సాయంత్రం కంప్యూటర్‌కి తగిలిస్తే కార్డు తెరుచుకోలేదు. ఎన్ని తంటాలు పడ్డా ఒక్క ఫొటో దక్కలేదు. ఫోన్ చేసి చెప్పడానికి నాకు గంట పట్టింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. పది రోజులకి మళ్లీ వచ్చారు, అప్పటికి పన్ను ఊడిపోయింది. డబ్బు తీసుకోలేదు, కానీ దానివల్ల ఆ పన్ను తిరిగి రాదు కదా. అప్పటినుంచి రెండు కార్డుల మీద ఒకేసారి రాసే కెమెరానే వాడుతున్నాను. ప్రతి షూట్‌కీ మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఇంట్లో ఉంటుంది. ఇవన్నీ అయ్యేదాకా కార్డు చెరపను, ఎంత రాత్రయినా సరే.

సొంతంగా చేసుకునే పని కాబట్టి మిగతావన్నీ నేనే. బుకింగులు రాసుకోవడం, అడ్వాన్సు తీసుకోవడం, బిల్లు, ట్యాక్సు లెక్క, లెన్సులు తుడవడం, ప్రింట్లు సరిచూడటం. మీకు లెక్కలిష్టం కదా, ఇది చూడండి: 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు ప్రింటుకి అంగుళానికి 300 చుక్కల చొప్పున కావాలంటే వెడల్పున 2400, ఎత్తున 3000 పిక్సెళ్లు, అంటే ఫొటోలోని చుక్కలు, ఉండాలి. రెండూ గుణిస్తే 72 లక్షలు. ఫోన్‌లో కత్తిరించిన ముక్కని పెద్దది చేయమని ఎవరైనా అడిగితే ఈ లెక్కే వేసి చూపిస్తాను. నెల జీతం లేదు. కొన్ని నెలలు ఊపిరాడదు, కొన్ని నెలలు ఫోన్ మోగదు. మోగని నెలలకోసం మోగిన నెలల్లోనే దాచుకోవాలి.

ఒప్పందం మాత్రం కాగితం మీద తప్పకుండా ఉండాలి. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద హక్కు కొన్ని దేశాల్లో తీసినవాళ్లది, కొన్నింట్లో తీయించుకున్నవాళ్లది. అందుకే ఎన్ని ఫొటోలు, ఎప్పటికి, ఎక్కడ వాడొచ్చు అన్నీ ముందే రాసుకుంటాం. వాళ్లు సరేనని సంతకం పెడితే తప్ప ఒక్క ముఖం కూడా నా గోడ మీదికి ఎక్కదు. మీరు వచ్చినప్పుడు "ఈ గోడ మీద ఫొటోలు ఇంత తక్కువెందుకు" అన్నారే, అదీ కారణం. ఆ వడ్రంగి తాత ఫొటో అక్కడ ఉండదు. ఆయన వద్దన్నారు.

ఇప్పుడు మీకో పని. ఇంట్లో ఎవరినైనా కిటికీ పక్కన కూర్చోబెట్టి ఫోన్‌తో రెండు ఫొటోలు తీయండి. ఒకటి ముఖానికి జానెడు దూరం నుంచి. రెండోది ఐదడుగులు వెనక్కి వెళ్లి, ముఖం అంతే పెద్దగా కనిపించేలా జూమ్ చేసి. మొదటిదాంట్లో ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. లెన్స్ చేసే మాయ కాదది, దగ్గరికి వెళ్లినందుకే అలా అవుతుంది. తీసేముందు వాళ్లని ఏదో ఒకటి అడగండి, మీకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నదే అడగండి. రెండూ నాకు పంపండి. ఏం అడిగారో మాత్రం రాయకండి, ముఖం చూసి కనిపెట్టగలనేమో ప్రయత్నిస్తాను.

మీ పెద్దమ్మ